గడ్డి మేసిన బీఫా, గింజలు తిన్న బీఫా? అమెరికాలో కొనేముందు చూసుకోవాల్సినవి

అమెరికా సూపర్ మార్కెట్లో మాంసం పెట్టిన వరుస దగ్గర నిలబడితే ఒకే చక్ రోస్ట్ (భుజం దగ్గరి మాంసం) రెండు ధరల్లో కనిపిస్తుంది. ఒకదాని మీద ఆకుపచ్చ అక్షరాలతో 'గ్రాస్ ఫెడ్', అంటే గడ్డి మేసినది, అని ఉంటుంది, ధర ఎక్కువ. రెండోదాని మీద మేత గురించి ఒక్క ముక్క ఉండదు. ఏమీ రాయలేదంటే అది గింజలు పెట్టి బలిపించిన పశువుదే అనుకోవచ్చు. చాలామంది ఇక్కడే ఫోన్ తీసి, ఏది ఆరోగ్యమో వెతకడం మొదలుపెడతారు. నేనైతే ముందు వంట సంగతి తేల్చుకోమంటాను. ఆరోగ్యం విషయంలో ఈ రెండింటికీ ఉన్న తేడా ప్రచారంలో చెప్పినంత లేదు. వంటలో ఉన్న తేడా మాత్రం పొయ్యి మీద పెట్టగానే తెలిసిపోతుంది.

మొదటి అడుగు: ఏం వండుతున్నారో అనుకోండి

స్టేక్ వేసుకుంటే ఆ మాంసానికి ఉప్పు, మిరియాలు తప్ప వేరే తోడు ఉండదు. పశువు ఏం తిని పెరిగిందో నాలుకకి నేరుగా తెలుస్తుంది. గింజలు తిన్న పశువు కండలో సన్నటి తెల్లని గీతల్లా కొవ్వు అల్లుకుని ఉంటుంది. మార్బ్లింగ్ అనేది దీన్నే. పెనం వేడికి ఆ కొవ్వు కరిగి ముక్క ఎండిపోకుండా చూస్తుంది, కమ్మదనం ఇస్తుంది. గడ్డి మేసినదాంట్లో ఈ గీతలు తక్కువ. రుచి కాస్త ఘాటుగా, కొంచెం నీచు తగిలేలా ఉంటుంది. ఆ ఘాటే ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, మొదటిసారి తిని ఇదేం వాసన అని పక్కన పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ఎవరు ఏ రకమో తెలియకుండా నాలుగు ఖరీదైన గ్రాస్ ఫెడ్ రిబ్‌ఐ స్టేక్‌లు కొనకండి. ఒకటి కొని చూడండి.

మన కూర సంగతి వేరు. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గరం మసాలా, ఎండు కొబ్బరి, పైన గుప్పెడు పుదీనా పడ్డాక ఏ ముక్క ఏ పశువుదో చెప్పగలవాళ్ళు అరుదు. కాబట్టి కూర కోసం గ్రాస్ ఫెడ్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలనుకుంటే, రుచి కోసం మాత్రం పెట్టకండి. వేరే కారణాలు ఉండొచ్చు, వాటి దగ్గరికి వస్తాను. కూరలో తేడా కనిపించేది పైకి తేలే కొవ్వులో. మార్బ్లింగ్ బాగా ఉన్న చక్‌తో వండితే గిన్నె మీద మందంగా పేరుకుంటుంది, మిగిలిన కూర ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టి అట్ట కడుతుంది. గ్రాస్ ఫెడ్‌తో ఈ గొడవ తక్కువ.

నా లెక్క ఇలా ఉంటుంది. స్టేక్, బర్గర్, ఆదివారం పొగలో పెట్టే బ్రిస్కెట్ (రొమ్ము మాంసం), రిబ్స్, వీటికి గింజలు తిన్నదే. బ్రిస్కెట్‌కి అయితే మరీ ముఖ్యం. పది పన్నెండు గంటలు పొగలో ఉండాల్సిన ముక్కకి లోపల కొవ్వు లేకపోతే చివరికి పీచు మిగులుతుంది. షాంక్ (ఎముకతో ఉన్న కాలి మాంసం) పులుసు, నహారీ, పాయా, దాల్చా లాంటి ఎముక వంటలకి గ్రాస్ ఫెడ్ బాగుంటుంది. ఆ పశువు వయసులో కాస్త పెద్దది, బాగా తిరిగిన కాళ్ళు, రసంలో సారం దిగుతుంది.

కీమా దగ్గర మాత్రం మేత కంటే ముందు ప్యాకెట్ మీది అంకెలు చూడండి. 80/20 అంటే వందలో ఇరవై వంతులు కొవ్వు. బర్గర్‌కి అది సరిగ్గా సరిపోతుంది. బఠాణీలు వేసి చేసే కీమా కూరకి అది వద్దు, సగం సేపు కొవ్వు వంచుకుంటూ కూర్చోవాలి. 90/10 గానీ 93/7 గానీ తీసుకోండి. గ్రాస్ ఫెడ్ కీమా చాలావరకు 85/15, ఆ పైన దొరుకుతుంది కాబట్టి మన కూరకి ఇబ్బంది ఉండదు. మొదటిసారి గ్రాస్ ఫెడ్ కొనేవాళ్ళు కీమాతో మొదలుపెట్టడమే మంచిది. ముక్కల కంటే చవక, పాడుచేయడం కష్టం.

రెండో అడుగు: పశువు ఏం తిందో తెలుసుకోండి

ఒక అపోహ ముందే తీసేద్దాం. గింజలు తిన్న పశువు పుట్టినప్పటి నుంచీ గింజలే తినదు. అమెరికాలో దూడలు ఆరు నుంచి ఎనిమిది నెలల దాకా తల్లి పాలు తాగుతూ పచ్చిక మీదే ఉంటాయి. పాలు మాన్పించాక చాలావాటిని ఇంకొన్ని నెలలు గడ్డి మీదే మేపుతారు. రెండు దారులూ విడిపోయేది ఆ తర్వాత. ఒక మంద పచ్చిక మీదే ఉండిపోతుంది, చలికాలంలో ఎండుగడ్డి తింటుంది. ఇంకో మంద ఫీడ్‌లాట్‌కి వెళ్తుంది. అంటే వేల పశువుల్ని కంచెల్లో ఉంచి, తొట్లలో మేత పోసి బలిపించే చోటు. చివరి నాలుగు నుంచి ఆరు నెలలు అక్కడే. మొక్కజొన్న, ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మిగిలిన పిప్పి, సైలేజ్ (పులియబెట్టిన పచ్చిమేత), కొంచెం ఎండుగడ్డి కలిపి పెడతారు. దీంతో ఏడాదిన్నర అటూ ఇటూ వయసుకే పశువు అమ్మకానికి వస్తుంది. గడ్డి మీదే పెరిగింది ఆ బరువుకి రావాలంటే రెండేళ్ళు, ఒక్కోసారి ఆ పైన పడుతుంది. గ్రాస్ ఫెడ్ ధర ఎక్కువగా ఉండటానికి మొదటి కారణం ఈ అదనపు నెలలే.

ఫీడ్‌లాట్లు చూడాలంటే టెక్సస్ ఉత్తర భాగం, పశ్చిమ కాన్సస్, నెబ్రాస్కా వైపు వెళ్ళాలి. అమరిల్లో నుంచి హియర్‌ఫర్డ్ దారిలో కారు అద్దాలు దించితే చాలు, బోర్డు కంటే ముందు వాసనే ఊరు వచ్చిందని చెప్తుంది. ఆ హియర్‌ఫర్డ్ తనని తాను ప్రపంచ బీఫ్ రాజధాని అని పిలుచుకుంటుంది.

ఈ లెక్కలన్నీ హైదరాబాద్‌కో గుంటూరుకో తీసుకెళ్తే పనికిరావు. ఆవుల వధని మన దగ్గర 1977 చట్టం నిషేధించింది, పెద్దకూర పేరుతో అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. అవి వరిగడ్డి, జొన్న చొప్ప తిని, పాలిచ్చినన్నాళ్ళు తౌడు, తెలగపిండి తిని పెరిగినవి. బలిపించడానికి పెంచినవి కావు. పెద్దకూరతో చేసే కల్యాణి బిర్యానీ రుచి నోట్లో పెట్టుకుని డల్లాస్‌లో వెతికేవాళ్ళకి మార్బ్లింగ్ ఉన్న చక్ కంటే గ్రాస్ ఫెడ్ ముక్కే కాస్త దగ్గరగా అనిపించడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం.

మూడో అడుగు: లేబుల్‌ని తొందరపడకుండా చదవండి

డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే.

అమెరికా వ్యవసాయ శాఖకి గ్రాస్ ఫెడ్ గురించి ఒకప్పుడు సొంతంగా మార్కెటింగ్ ప్రమాణం ఉండేది. 2016 జనవరిలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు అదే శాఖలోని ఆహార భద్రత విభాగం లేబుళ్ళని ఆమోదిస్తుంది. కంపెనీ మా పశువులు ఇవే తిన్నాయి అని కాగితాలు పంపుతుంది, వాళ్ళు ఆ కాగితాలు చూసి సరే అంటారు. పాలు మానిన తర్వాత గడ్డి, ఆకు మేత తప్ప గింజలు పెట్టకపోతేనే గ్రాస్ ఫెడ్ అని నేరుగా రాసుకోవచ్చు. అయితే '85 శాతం గడ్డి, 15 శాతం మొక్కజొన్న' అని వివరంగా రాసి అమ్మడానికీ వీలుంది. అందుకే పెద్ద అక్షరాలు చూసి బుట్టలో వేసేయకుండా కింద చిన్న అక్షరాల్లో శాతం ఉందేమో చూడండి. '100 శాతం గ్రాస్ ఫెడ్', 'గ్రాస్ ఫినిష్డ్' అని ఉంటే మంచిది. చివరి నెలల్లోనూ గింజలు పెట్టలేదని దాని అర్థం.

ఇంకో సంగతి. గ్రాస్ ఫెడ్ అనగానే కొండ మీద తిరిగే ఆవు బొమ్మ కళ్ళ ముందుకి వస్తుంది. ఆ మాట మేత గురించే. కంచెలో ఉంచి ఎండుగడ్డి, గడ్డి గుళికలు పెట్టినా అది గ్రాస్ ఫెడ్ అనిపించుకోగలదు. బయట తిరిగిన పశువే కావాలంటే అమెరికన్ గ్రాస్‌ఫెడ్ అసోసియేషన్ ముద్ర గానీ, ఎ గ్రీనర్ వరల్డ్ వాళ్ళ గ్రాస్‌ఫెడ్ ముద్ర గానీ వెతకండి. ఇవి బయటి సంస్థలు ఫారానికి వెళ్ళి చూసి ఇచ్చేవి. అసోసియేషన్ ముద్రకి గడ్డి మేతతో పాటు కంచెల్లో నిర్బంధించకపోవడం, యాంటీబయాటిక్స్, హార్మోన్లు వాడకపోవడం, అమెరికాలోనే పుట్టి పెరగడం కూడా షరతులే.

పక్కన కనిపించే మిగతా మాటలు:

'నేచురల్' అనేది పేరు గొప్ప, ఊరు దిబ్బ. కృత్రిమ పదార్థాలు కలపలేదు, పెద్దగా ప్రాసెస్ చేయలేదు అని తప్ప మేత గురించి అది ఏమీ చెప్పదు. దానికోసం పైసా ఎక్కువ ఇవ్వకండి.

'ఆర్గానిక్' అంటే గ్రాస్ ఫెడ్ కాదు. ఆర్గానిక్ పశువుకి మేత సీజన్‌లో కనీసం 120 రోజులు పచ్చిక దొరకాలి, కానీ చివర్లో ఆర్గానిక్ మొక్కజొన్న పెట్టి బలిపించొచ్చు. అలాగే గ్రాస్ ఫెడ్ అన్నంతమాత్రాన ఆర్గానిక్ కాదు, ఆ పచ్చిక మీద ఎరువులు చల్లి ఉండొచ్చు.

'పాశ్చర్ రైజ్డ్' పశువు ఎక్కడ పెరిగిందో చెప్తుంది, గింజలు తినలేదని చెప్పదు.

హార్మోన్లు వాడలేదన్న మాట కోడి మాంసం మీద ఉంటే నవ్వుకోవచ్చు, కోళ్ళకి హార్మోన్లు ఇవ్వడం అమెరికాలో ఎలాగూ నిషేధం. బీఫ్ మీద మాత్రం ఆ మాటకి విలువ ఉంది. పశువు చెవి వెనక చర్మం కింద చిన్న గుళికలు పెట్టి బరువు పెంచడం ఇక్కడ మామూలు పద్ధతి. యూరోపియన్ యూనియన్ ఇలాంటి మాంసాన్ని రానివ్వదు. ఇది పట్టింపుగా ఉన్నవాళ్ళు గ్రాస్ ఫెడ్ అన్న మాటని నమ్ముకోకుండా హార్మోన్ల మాట విడిగా ఉందో లేదో చూడాలి.

'హలాల్' ముద్ర కోసిన పద్ధతి గురించి. మేత గురించి దాంట్లో ఏమీ ఉండదు. రెండూ కావాలంటే హలాల్ షాపులో అడగాల్సిందే. చాలా షాపుల్లో పశువులు ఏ ఫారం నుంచి వస్తాయో యజమానికి తెలుసు, అడిగితే చెప్తారు. 'భాయ్, ఇది గడ్డి మేసిందా, దానా పెట్టిందా' అంటే అర్థం కానివాళ్ళు ఉండరు.

'ప్రొడక్ట్ ఆఫ్ యూఎస్ఏ' అన్న మాటకి 2026 జనవరి 1 నుంచి నిబంధన బిగిసింది. పుట్టడం, పెరగడం, కోయడం, ప్యాక్ చేయడం అన్నీ ఇక్కడే జరిగితేనే అలా రాయాలి. అంతకుముందు బయటి దేశం మాంసాన్ని ఇక్కడ కోసి ప్యాక్ చేసినా రాసేవాళ్ళు. అమెరికాలో అమ్మే గ్రాస్ ఫెడ్‌లో పెద్ద భాగం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వేల నుంచి వస్తుంది. అది చెడ్డదేం కాదు. ఏడాది పొడుగునా పచ్చిక దొరికే న్యూజిలాండ్‌లో గడ్డి మేపడం మామూలు సంగతి, ప్రత్యేకంగా చేసేది కాదు. స్థానిక రైతుకి డబ్బు చేరాలన్న ఆలోచనతో కొంటుంటే మాత్రం దేశం పేరు చూడండి.

ఇక ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అనే గ్రేడ్లు ముఖ్యంగా మార్బ్లింగ్‌ని చూసి ఇచ్చేవి. గ్రేడింగ్ కంపెనీ ఇష్టం, తనిఖీ మాత్రం తప్పనిసరి. గ్రాస్ ఫెడ్ మీద చాలాసార్లు గ్రేడే ఉండదు. గ్రేడ్ లేదని అనుమానపడక్కర్లేదు, ఆ కొలబద్ద దానికోసం పెట్టింది కాదు.

నాలుగో అడుగు: ప్యాకెట్‌ని చేతిలోకి తీసుకుని చూడండి

కొవ్వు రంగు చూడండి. పచ్చగడ్డిలో బీటా కెరోటిన్ ఉంటుంది, అది కొవ్వులో చేరి లేత పసుపు రంగు ఇస్తుంది. మొక్కజొన్న తిన్న పశువు కొవ్వు తెల్లగా ఉంటుంది. ఆవుపాలు పసుపు చాయలో, గేదెపాలు తెల్లగా ఎందుకు ఉంటాయో తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. గేదె ఆ కెరోటిన్‌ని విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది, ఆవు కొంత అలాగే వదిలేస్తుంది. అందుకే మన ఊళ్ళో గడ్డే తిన్న గేదె కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది, ఈ పరీక్ష అక్కడ చెల్లదు. ఇక్కడ కూడా పసుపు ఒక్కటే సాక్ష్యం కాదు. వయసు మళ్ళిన పాడి ఆవు కొవ్వు కూడా పచ్చగా ఉంటుంది. ఎండుగడ్డితో చలికాలం గడిపిన పశువు కొవ్వు అంత పసుపుగా ఉండకపోవచ్చు.

మాంసం ముదురు ఎరుపులో ఉంటే కంగారు పడకండి. గ్రాస్ ఫెడ్ సాధారణంగా ముదురు రంగే. గాలి తీసేసిన ప్యాకెట్లో అయితే ఇంకా వంకాయ రంగులో కనిపిస్తుంది. విప్పి పావుగంట, అరగంట ఉంచితే ఎర్రబడుతుంది. పాడైందో లేదో తేల్చేది వాసన, జిగురు. రంగు కాదు.

ఐదో అడుగు: ఆరోగ్యం మాట ఎంతవరకు నిజమో చూసుకోండి

గడ్డి మేసిన మాంసంలో ఒమేగా 3 ఎక్కువ, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఎక్కువ, మొత్తం కొవ్వు తక్కువ. ఇవన్నీ నిజాలే. ఎంత ఎక్కువ అన్నదే అసలు ప్రశ్న. 100 గ్రాముల గ్రాస్ ఫెడ్ మాంసంలో ఒమేగా 3 మామూలుగా 100 మిల్లీగ్రాములు కూడా దాటదు. అంతే సాల్మన్ చేపలో దాదాపు 2 గ్రాములు ఉంటుంది. అన్నంలో కలుపుకునే అవిసె గింజల పొడి ఒక పెద్ద చెంచాడు వేసుకుంటే ఒకటిన్నర గ్రాములు వచ్చేస్తుంది, చేపలో ఉండే రకం కాకపోయినా. ఒమేగా 3 కోసమని పౌండుకి అన్ని డాలర్లు ఎక్కువ పెట్టడంలో నాకైతే అర్థం కనిపించదు. కొవ్వు తక్కువ కావాలంటే గింజలు తిన్నదాంట్లోనే ఐ ఆఫ్ రౌండ్, సర్లాయిన్ లాంటి కొవ్వు తక్కువ ముక్కలు ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఎర్ర మాంసాన్ని క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఎక్కువన్న జాబితాలో పెట్టింది. అందులో గడ్డి మేసినదానికి మినహాయింపు లేదు. వండిన ఎర్ర మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటొద్దని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చెప్పే సలహా రెండింటికీ ఒకటే. గ్రాస్ ఫెడ్‌లో జబ్బు చేసే ఇ.కొలై బాక్టీరియా ఉండదని ఒక మాట తిరుగుతుంటుంది. ఉంటుంది. కీమా ఏదైనా లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి.

పర్యావరణం కోసం కొనేవాళ్ళకి సమాధానం ఇంకా చిక్కు. గడ్డి మీద పెరిగిన పశువు ఎక్కువ కాలం బతుకుతుంది, గడ్డి అరిగేటప్పుడు మీథేన్ ఎక్కువ వస్తుంది, అందువల్ల కిలో మాంసానికి లెక్కేస్తే దాని వాయువుల వాటా సాధారణంగా ఎక్కువే. బాగా నడిపిన పచ్చిక నేల కొంత కార్బన్‌ని పట్టి ఉంచుతుంది, అది ఎంతన్నదాని మీద శాస్త్రవేత్తల్లోనే గొడవ ఉంది. పశువు ఆరుబయట తిరగాలి, అనవసరంగా మందులు ఎక్కించకూడదు అని మీ మనసులో ఉంటే, అది గ్రాస్ ఫెడ్ కొనడానికి బలమైన కారణం. నేను కొన్నప్పుడు కొనేది కూడా అందుకే.

ఆరో అడుగు: ఎక్కడ, ఎంత కొనాలి

వారానికో పౌండు తినే ఇల్లయితే పెద్ద స్టోర్లో ఫ్రీజర్ విభాగం చూడండి. ఫ్రెష్ కౌంటర్ కంటే చవగ్గా దొరుకుతుంది, గడ్డకట్టించడం వల్ల కూరకి పోయేదేమీ లేదు.

నలుగురైదుగురు కలిస్తే రైతు దగ్గర నేరుగా పావు పశువు తీసుకోవడం లాభం. ఇక్కడ ఒక లెక్క తెలియకపోతే మోసపోయామనిపిస్తుంది. ధర చెప్పేది చాలాసార్లు హ్యాంగింగ్ వెయిట్ మీద. అంటే తోలు, తల, లోపలి భాగాలు తీసి వేలాడదీసిన బరువు. 1,200 పౌండ్ల పశువు వేలాడేసరికి 700 చిల్లర అవుతుంది, కోసి ప్యాక్ చేసేసరికి 450 అటూ ఇటూ మిగులుతుంది. గ్రాస్ ఫెడ్‌లో ఇంకాస్త తగ్గుతుంది. ఇంటికి వచ్చే పౌండుకి ఎంత పడిందో లెక్కేసుకుని స్టోర్ ధరతో పోల్చండి. పావు పశువు పెట్టుకోవడానికి మూడు నాలుగు ఘనపు అడుగుల ఫ్రీజర్ చోటు ఉండాలి.

కోసే షాపువాళ్ళు ఎలా కోయాలో రాసివ్వమని ఒక ఫారం ఇస్తారు. మనకి కలిసొచ్చేది ఇక్కడే. షాంక్‌ని అడ్డంగా, నల్లి ఎముకతో, రెండంగుళాల మందాన కోయమనండి. మెడ ఎముకలు పారేయొద్దని చెప్పండి. నాలుక, కార్జం, కాళ్ళు, తోక అడగండి. ఇక్కడివాళ్ళు చాలామంది వద్దంటారు కాబట్టి పక్కవాళ్ళ వాటా కూడా మీకే వచ్చే అవకాశం ఉంది. బోటి మాత్రం ముందే మాట్లాడుకోవాలి, కొన్నిచోట్ల కడిగివ్వరు, కొన్నిచోట్ల అసలు ఇవ్వరు.

ఏడో అడుగు: దేన్ని ఎలా వండాలి

గ్రాస్ ఫెడ్ స్టేక్‌ని మంట తగ్గించి వేయండి, మామూలు స్టేక్ కంటే ముందే దించండి. కొవ్వు తక్కువ కాబట్టి తొందరగా ఉడికి తొందరగా ఎండిపోతుంది. థర్మామీటర్ లేకుండా దీని జోలికి వెళ్ళొద్దు. వ్యవసాయ శాఖ స్టేక్‌కి చెప్పే ఉష్ణోగ్రత 63 డిగ్రీలు, ఆ తర్వాత మూడు నిమిషాలు కదపకుండా ఉంచడం. రెండు మూడు డిగ్రీలు ఉండగానే దించితే మిగతాది దానంతట అదే ఎక్కుతుంది, 63 దాటిందో లేదో కోసేముందు ఒకసారి చూసుకోండి.

కూరకి దీని తిరకాసు వేరు. స్టేక్ తొందరగా ఉడికితే, షాంక్ ఆలస్యంగా ఉడుకుతుంది, పశువు వయసు పెద్దది కదా. ఇన్‌స్టంట్ పాట్‌లో మామూలు ఎముక షాంక్‌కి 35 నిమిషాలు పెట్టేవాళ్ళు దీనికి 45, 50 పెట్టండి, ప్రెషర్ దానంతట అదే దిగనివ్వండి. ముక్కల్ని ముందు రాత్రే పెరుగు, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి ఉంచితే ఘాటు తగ్గుతుంది. పచ్చి బొప్పాయి ముద్ద వేస్తే వండే ముందు ఒక గంట చాలు, రాత్రంతా ఉంచితే పైపొర పిండిలా అయిపోతుంది. నూనె మాత్రం మీ అలవాటు ప్రకారమే వేయండి. గింజలు తిన్న చక్ అయితే నూనె సగానికి తగ్గించి, దాని కొవ్వులోనే ఉల్లిపాయలు వేయించుకోవచ్చు.

తునకలు ఎండబెట్టుకునేవాళ్ళకి గ్రాస్ ఫెడ్ రౌండ్ (వెనక తొడ) ముక్కని మించింది లేదు. ఎండిన మాంసాన్ని చెడగొట్టేది కొవ్వే, కొన్నాళ్ళకి పాడైన నూనె వాసన వస్తుంది. కనిపించే కొవ్వంతా తీసేసి, వేలెడు వెడల్పున పొడుగ్గా చీల్చి, ఉప్పు, పసుపు పట్టించండి. తెలంగాణ ఎండలో దండెం మీద వేసినట్టు ఇక్కడ బాల్కనీలో కుదరదు. ముందు ఒవెన్‌లో ముక్క లోపల 71 డిగ్రీలు వచ్చేదాకా వేడిచేసి, తర్వాత డీహైడ్రేటర్‌లో 60 డిగ్రీల దగ్గర, వంచితే పగిలినట్టు గీతలు పడేదాకా ఆరబెట్టండి. పూర్తిగా చల్లారాక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. గోంగూరలో గానీ చింతచిగురులో గానీ వేసేముందు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, కుక్కర్‌లో విడిగా ఉడికించుకోవాలి. ఉప్పు అప్పటికే ముక్కలో ఉంటుంది కాబట్టి కూరలో వేయబోయేముందు రుచి చూసుకోండి.